ఆన్‌లైన్‌లో స్పానిష్: ఏది ఉచితంగా సరిపోతుంది, దేనికి డబ్బు పెట్టాలి

స్పానిష్ కోర్సుల ప్రకటనలన్నీ దాదాపు ఒకే వరసలో సాగుతాయి. ఎన్ని పాఠాలు, ఎన్ని గంటల వీడియోలు, ఎంత తగ్గింపు, చివర్లో సర్టిఫికెట్ ఉందా లేదా. అవన్నీ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కోర్సులో వారానికి ఎన్ని నిమిషాలు నేను నోరు తెరిచి స్పానిష్ మాట్లాడతాను, తప్పు దొర్లితే దిద్దేదెవరు? 'సున్నా నిమిషాలు, దిద్దేవారు లేరు' అని తేలితే ఆ కోర్సు చెడ్డదని కాదు, దానికి పెద్దగా డబ్బు ఇవ్వనక్కరలేదని అర్థం. స్పానిష్ వినడానికి, చదవడానికి, వ్యాకరణం తెలుసుకోవడానికి కావలసిన సరంజామా ఇప్పుడు ఉచితంగానే కుప్పలుగా దొరుకుతోంది. ఖరీదు కట్టవలసింది ఎదుటి మనిషి సమయానికే.

ఆ మనిషి ఎంతసేపు కావాలన్నది మీరు ఎందుకు నేర్చుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటూ ఇరుగుపొరుగుతో, ఆస్పత్రికి వచ్చే రోగులతో నాలుగు మాటలు మాట్లాడాలనుకునేవారు ఉంటారు. హైదరాబాద్‌లో స్పానిష్ తెలిసినవారిని తీసుకునే కంపెనీల్లో ఉద్యోగం చూసుకునేవారు ఉంటారు. మాస్టర్స్‌కు స్పెయిన్ వెళ్దామనుకునేవారు, అంతర్జాతీయ పాఠశాలలో రెండో భాషగా స్పానిష్ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఉంటారు. వీరందరికీ ఒకే కోర్సు సరిపోదు.

గంటల లెక్క

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు దశాబ్దాలుగా భాషలు నేర్పిస్తోంది. ఇంగ్లీషు మాట్లాడేవారికి తేలికగా వచ్చే భాషల జాబితాలో అది స్పానిష్‌ను చేర్చింది. అంత తేలికైన భాషకు కూడా, ఉద్యోగంలో ధైర్యంగా వాడే స్థాయి రావడానికి సుమారు ఆరేడు వందల తరగతి గంటలు పడతాయని దాని అంచనా. ఇంటి దగ్గర చేసే అభ్యాసం దీనికి అదనం.

ఇప్పుడు 'ఆరు నెలల్లో బి2' అనే ప్రకటనను ఈ లెక్కతో చూడండి. భాష ఎంత వచ్చో చెప్పే యూరప్ కొలమానంలో ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లున్నాయి. బి2 నాలుగోది. మాతృభాషగా స్పానిష్ మాట్లాడేవారితో తడబాటు లేకుండా వాదించగలిగే స్థాయి అది. రోజుకో గంట, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు చదివితే మొత్తం 130 గంటలు అవుతాయి. శ్రద్ధ గలవారు అంత సమయంలో ఎ1 దాటి ఎ2లో స్థిరపడవచ్చు. అది తక్కువేమీ కాదు. కాకపోతే దాన్ని బి2 అని అమ్మడం మోసం. ఇలాంటి హామీ ఇచ్చే సంస్థ ఎంత పేరున్నదైనా, మొత్తం తరగతి గంటలు ఎన్నో రాతపూర్వకంగా అడగండి. జవాబు సూటిగా రాకపోతే డబ్బు కట్టకండి.

యాప్‌లు

డ్యూయోలింగో గురించి చెప్పకుండా ఈ చర్చ సాగదు. గ్వాటెమాలాలో పుట్టిన లూయిస్ వాన్ ఆన్, సెవెరిన్ హాకర్ అనే ఇంజినీరుతో కలిసి ప్రారంభించిన ఈ యాప్ 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్పే కోర్సు దానికి పట్టుకొమ్మ. రోజూ పుస్తకం ముందు కూర్చునే అలవాటు లేనివారిని కూడా పదిహేను నిమిషాలు కూర్చోబెట్టడంలో దానికి సాటి లేదు. మొదటి రెండు నెలల్లో కొన్ని వందల పదాలు కళ్లకు అలవాటవుతాయి. ప్రకటనలు భరించగలిగితే ఉచిత రూపమే చాలు.

చిక్కు ఎక్కడంటే, అందులో ఎక్కువ భాగం తెర మీద కనిపించే పదాలను ఏరి వరసలో పెట్టే పని. నాలుగు పదాల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం వేరు, ఖాళీ బుర్రతో వాక్యాన్ని నోటితో అల్లడం వేరు. ఏడాదిపాటు ఒక్కరోజు కూడా తప్పకుండా యాప్ చేసినవారు కొలంబియా మనిషి ఎదురుపడి 'నిన్న ఏం చేశారు?' అని అడిగితే గుటకలు మింగడం చాలా మామూలు విషయం. రోజుల లెక్క కాపాడుకోవడం ఒక ఆటగా మారిపోయిందనిపిస్తే కొద్ది రోజులు ఆపేయండి, నష్టమేమీ లేదు. ఆ యాప్ ప్రధానంగా లాటిన్ అమెరికా స్పానిష్ నేర్పుతుందని కూడా గుర్తుంచుకోండి. స్పెయిన్‌లో స్నేహితులను, ఇంట్లోవాళ్లను కలిపి 'మీరందరూ' అనడానికి వాడే రూపం అందులో దాదాపు కనిపించదు.

పదాలు గుర్తుండటమే మీ సమస్య అయితే, పదాల కార్డులు చూపించే అంకి అనే యాప్ చూడండి. చూడటానికి అంత బాగుండదు గానీ, మరచిపోబోయే సమయానికి పదాన్ని మళ్లీ చూపించడంలో గట్టిది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి.

చెవికి పని చెప్పే కోర్సులు

ఉచితంగా దొరికేవాటిలో నేను ముందు వరుసలో పెట్టేది 'లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్'. మిహాలిస్ ఎలెఫ్తెరియూ అనే ఆయన ఒక విద్యార్థికి పాఠం చెబుతుంటే మనం వింటాం. మొత్తం 90 ఆడియో పాఠాలు. ఆయన ప్రశ్న అడిగినప్పుడు ఆడియో ఆపి, ఆ విద్యార్థి కన్నా ముందు మీరు బయటికి జవాబు చెప్పాలి. దిద్దే మనిషి లేకపోయినా నోరు తెరిపించే ఉచిత కోర్సు ఇది. క్రియారూపాలను బట్టీ పట్టించకుండా అవి ఎలా పుడతాయో తర్కంతో చూపిస్తాడు. యాప్ కన్నా ముందు దీన్ని పూర్తి చేసినవారు తర్వాత ఏ కోర్సులో చేరినా సగం భారం తగ్గుతుంది. ఒక్క హెచ్చరిక: ఆయన ఇంగ్లీషు పదాల నుంచి స్పానిష్ పదాలు రాబట్టే పద్ధతి వాడతాడు కాబట్టి మీ ఇంగ్లీషు ధారాళంగా ఉండాలి.

దీనికి పూర్తిగా ఎదురు దారి 'డ్రీమింగ్ స్పానిష్'. పాబ్లో రోమాన్ మొదలుపెట్టిన ఈ వేదికలో వ్యాకరణం ఉండదు, అనువాదం ఉండదు. బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ స్పానిష్‌లోనే కథలు చెబుతారు. మీరు అర్థం చేసుకుంటూ వినడమే. యూట్యూబ్‌లో బోలెడన్ని వీడియోలు ఉచితం, మిగతావాటికి నెలవారీ చందా ఉంటుంది. వాళ్ల సొంత పటం ప్రకారం చివరి మజిలీ 1,500 గంటల దగ్గర ఉంటుంది. తొలి దశలో మాట్లాడటాన్ని తొందరపెట్టవద్దని వాళ్ల సలహా. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. వినికిడికి ఇంత మంచి సామగ్రి మరొకటి లేదు. కానీ ఏడాదిలో ఉద్యోగం కావాలనుకునేవారు వందల గంటలు మౌనంగా కూర్చోలేరు. తీరిక ఉన్నవారికి, సరదాగా నేర్చుకునేవారికి మాత్రం హాయైన దారి.

కోర్సెరాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పెట్టిన స్పానిష్ పదజాలం కోర్సులు, ఎడెక్స్‌లో వలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం పెట్టిన ప్రాథమిక స్పానిష్ కోర్సులు పద్ధతిగానే ఉంటాయి. వ్యాకరణాన్ని క్రమంగా చదవాలనిపిస్తే చేరండి. వాటి సర్టిఫికెట్‌ను చూసి స్పానిష్ ఉద్యోగం ఇచ్చేవారు ఉండరు కాబట్టి దానికోసం డబ్బు కట్టకండి.

అమెరికాలో ఉన్నవారు వీటన్నిటికన్నా ముందు తమ ఊరి గ్రంథాలయ కార్డు తీసి చూసుకోవాలి. చాలా ప్రజా గ్రంథాలయాలు మాంగో లాంగ్వేజెస్ వంటి చెల్లింపు కోర్సులను సభ్యులకు ఉచితంగా ఇస్తాయి. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక చందాలు కడుతుంటారు.

తెలుగు నోటికి తేలికైనవి, కష్టమైనవి

ఈ కోర్సుల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కష్టాలను దృష్టిలో పెట్టుకుని అల్లినవే. అందువల్ల మనకు అక్కరలేని చోట నెమ్మదిగా నడుస్తాయి, మనం తడబడే చోట గబగబా దాటిపోతాయి. స్పానిష్‌లోని త, ద, ర ధ్వనులు మనకు పుట్టుకతో వచ్చినట్టే. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఇంగ్లీషువారు నెలల తరబడి కుస్తీ పట్టే ఈ తేడా మన నోట మొదటి రోజే పలుకుతుంది. 'మే గుస్తా ఎల్ కఫే' అనే వాక్యాన్ని వాళ్లకు తలకిందులు చేసి చూపించాలి. 'నాకు కాఫీ ఇష్టం' అనే మనకు అది ఎప్పుడూ వాడే నిర్మాణమే. క్రియ చివర చూసి కర్త ఎవరో పట్టుకోవడం, నువ్వు–మీరు తేడా పాటించడం కూడా కొత్త కాదు. కాబట్టి ఉచ్చారణ శిక్షణ పేరిట విడిగా అమ్మే ప్యాకేజీల జోలికి వెళ్లకండి.

ఇక మనకు ఎదురయ్యే గండాలు. ప్రాణం లేని వస్తువులకు కూడా లింగం ఉంటుంది: బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. 'ఓ'తో ముగిసినా చేయి (మానో) స్త్రీలింగం, 'ఆ'తో ముగిసినా రోజు (దీఆ) పుంలింగం. 'అతను డాక్టరు' అని క్రియ లేకుండా వాక్యం ముగించే అలవాటు మనది. స్పానిష్‌లో అక్కడ క్రియ తప్పనిసరి, పైగా సేర్, ఎస్తార్ అనే రెండు క్రియల్లో ఒకటి ఎంచుకోవాలి. 'ఎస్ అబుర్రీదో' అంటే అతను విసుగు పుట్టించే మనిషి, 'ఎస్తా అబుర్రీదో' అంటే అతనికి విసుగ్గా ఉంది. భూతకాలంలోనూ జరిగిపోయిన పనికి ఒక రూపం, అప్పట్లో జరుగుతూ ఉండిన పనికి మరో రూపం. వీడియోలో ఇవన్నీ అర్థమైనట్టే ఉంటాయి. నోటికి వచ్చేసరికి తప్పుతాయి. మీరు డబ్బిచ్చి కొనుక్కునే సమయం ఇక్కడ ఖర్చు కావాలి.

సామూహిక తరగతులు

గంట తరగతి, పన్నెండు మంది విద్యార్థులు అనుకుందాం. అందులో సగం సమయం ఉపాధ్యాయుడి వివరణకు పోతుంది. మిగిలిన అరగంటను పంచితే ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు. జంటలుగా విడదీసి మాట్లాడించే ఉపాధ్యాయుడైతే ఇది ఐదారు రెట్లు పెరుగుతుంది. అందుకే చేరేముందు బ్యాచ్‌లో ఎంతమంది అని అడగడంతో ఆగకుండా, విద్యార్థులను జంటలుగా మాట్లాడిస్తారా అని కూడా అడగండి. ఎనిమిది మంది మించితే, మాట్లాడించే పద్ధతి లేకపోతే, అది ప్రత్యక్ష ప్రసారమయ్యే వీడియో కోర్సే.

సంస్థల విషయానికొస్తే, స్పెయిన్ ప్రభుత్వం 1991లో నెలకొల్పిన ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది. దాని ఆన్‌లైన్ వేదిక పేరు ఆవే గ్లోబల్. సొంతంగా చదువుకునే రూపం, ట్యూటర్ పర్యవేక్షణతో సాగే రూపం, రెండూ ఉన్నాయి. తీసుకుంటే రెండోదే తీసుకోండి. పరీక్షలు రాయాలనుకునేవారికి ఆ క్రమశిక్షణ బాగా పనికొస్తుంది, సరదాకు నేర్చుకునేవారికి కాస్త బరువు. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) స్పానిష్‌లో డిగ్రీ నుంచి చెబుతుంది. దోమల్‌గూడ రామకృష్ణ మఠంలోని వివేకానంద భాషా సంస్థలో కూడా స్పానిష్ నేర్పుతారు. ఆ ఊళ్లో ఉండి ఎ1, ఎ2 వరకు తక్కువ ఖర్చులో కావాలంటే, ఆన్‌లైన్‌కు ముందు ఇలాంటి చోట్ల విచారించడం మంచిది. తోటి విద్యార్థులు ఉంటే చదువు మధ్యలో వదిలేయడం తగ్గుతుంది.

ఒక్కరికి ఒక్కరు

నా ఓటు దీనికే. ఐటాకీ, ప్రెప్లీ వంటి వేదికల్లో లాటిన్ అమెరికా దేశాలవారు, స్పెయిన్‌వారు గంటల చొప్పున పాఠాలు చెబుతారు. గంటకు ఐదారు డాలర్ల నుంచి పాతిక ముప్పై డాలర్ల వరకు ధరలు కనిపిస్తాయి. ఐటాకీలో ఒక్కో తరగతిని విడిగా కొనుక్కోవచ్చు. ప్రెప్లీలో పరిచయ తరగతి తర్వాత వారానికి ఇన్ని గంటలని నెలవారీ చందా కట్టాలి. పని ఒత్తిడితో వారాలు తప్పిపోయేవారికి మొదటిది నయం, బలవంతం ఉంటే తప్ప కూర్చోనివారికి రెండోది. బేస్‌లాంగ్ అనే మరో వేదిక నెలకు ఒకే రుసుము తీసుకుని ఎన్ని తరగతులైనా చెబుతుంది. ధర వంద డాలర్ల పైమాటే. రోజూ తరగతికి వెళ్లే తీరిక ఉంటేనే గిట్టుబాటు అవుతుంది.

ధర ఎక్కువైతే ట్యూటర్ మంచివాడని అనుకోకండి. పరిచయ తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టండి. కావాలనే 'సోయ్ ఎన్ హైదరాబాద్' అనండి. 'హైదరాబాద్‌లో ఉన్నాను' అనడానికి 'ఎస్తోయ్' రావాలి. ఒకరు నవ్వి ఊరుకుని తర్వాతి ప్రశ్నకు పోతారు. వారితో ఏడాది మాట్లాడినా ఆ తప్పు అలాగే ఉంటుంది. మరొకరు 'ఆ, ఎస్తాస్ ఎన్ హైదరాబాద్!' అని సరైన రూపాన్ని తమ మాటలో కలిపి అంటారు. ఇది మర్యాదైన పద్ధతే, కాకపోతే మొదట్లో మన చెవి దాన్ని పట్టుకోదు. మూడో రకం ట్యూటర్ మీ వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, దాన్ని చాట్‌లో టైపు చేసి, తప్పు పదాన్ని చూపించి, మీ చేత మళ్లీ చెప్పిస్తారు. తరగతి ముగిశాక ఆ చాట్ మీ దగ్గర మిగులుతుంది. ఆ మూడో మనిషి కోసం ఇద్దరు ముగ్గురు ట్యూటర్లను మార్చాల్సి వచ్చినా మొహమాటపడకండి. తరగతిలో సగానికి మించి ట్యూటరే మాట్లాడుతుంటే కూడా మార్చేయండి. కొందరు కబుర్లపోగులు ఉంటారు, వారితో కాలక్షేపం బాగుంటుంది గానీ మీ డబ్బుతో వారు మాట్లాడుకుంటున్నట్టే.

సమయాల పొత్తు కూడా చూసుకోవాలి. ఇండియాలో మనకు ఉదయం ఆరు గంటలైతే బొగోటాలో క్రితం రోజు సాయంత్రం ఏడున్నర. ఆఫీసుకు వెళ్లేముందు కొలంబియా ట్యూటర్ చక్కగా కుదురుతారు. మనకు రాత్రి ఎనిమిదైతే మాడ్రిడ్‌లో శీతాకాలంలో మధ్యాహ్నం మూడున్నర, వేసవిలో నాలుగున్నర. అక్కడ గడియారం మారే మార్చి, అక్టోబరు చివరి వారాల్లో తరగతి సమయం మళ్లీ సరిచూసుకోండి.

ఏ దేశపు స్పానిష్ అని మరీ బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. అమెరికాలో ఉంటే మెక్సికో, కొలంబియావారు. స్పెయిన్‌లో చదువుకు అయితే స్పెయిన్‌వారు. మిగతావారికి ఎవరైనా ఫరవాలేదు. అర్జెంటీనాలో మాత్రం 'నువ్వు' అనే పదమూ దాని క్రియారూపాలూ వేరుగా ఉంటాయి కాబట్టి మొదటి ఆరు నెలలు పక్కన పెట్టవచ్చు.

సర్టిఫికెట్ కావాలంటే

కోర్సు ఇచ్చే కాగితానికీ, పరీక్ష ఇచ్చే కాగితానికీ పోలిక లేదు. అందరూ గుర్తించేవి రెండు. ఒకటి సెర్వాంతెస్ సంస్థ ఇచ్చే డెలే. ఏ స్థాయికి రాయాలో ముందే ఎంచుకోవాలి, పాసైతే జీవితాంతం చెల్లుతుంది. రెండోది సియెలే. సెర్వాంతెస్‌తో పాటు మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం, సలామాంకా, బ్యూనస్ ఐరెస్ విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. కంప్యూటర్ మీద రాస్తారు. వెయ్యి పాయింట్లకు మీ స్థాయి ఎంతో చెబుతుంది, ఐదేళ్లు చెల్లుతుంది. ఉద్యోగానికి, ప్రవేశానికి త్వరగా కావాలంటే సియెలే. తొందర లేకపోతే డెలే.

బి2 వరకు డెలేలో చదవడం–రాయడం ఒక జట్టు, వినడం–మాట్లాడటం మరో జట్టు. ఒక్కో జట్టులో 50కి కనీసం 30 రావాలి. ఒకదానిలో మిగిలిన మార్కులు రెండోదాన్ని ఆదుకోవు. యాప్‌తోనే చదివినవారు ఎక్కువగా పట్టుతప్పేది ఆ రెండో జట్టులోనే. మీరు చేరదలచిన విశ్వవిద్యాలయం ఏ పరీక్షను, ఏ స్థాయిలో అడుగుతోందో ముందు చూసుకుని, ఆ తర్వాతే కోర్సు వెతకండి.

నెలకు ఎంత, ఎక్కడ

అమెరికాలో ఉండి మాటలు మాత్రమే కావలసినవారికి గ్రంథాలయ కార్డు, లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్, వారానికి రెండుసార్లు అరగంట ట్యూటర్ సరిపోతాయి. ఆస్పత్రిలో పనిచేస్తుంటే మొదటి తరగతిలోనే ఆ సంగతి చెప్పండి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అనే సంభాషణలే సాధన చేయించమని అడగండి.

హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకునేవారికి బి2 కన్నా తక్కువ స్థాయితో పెద్దగా లాభం ఉండదు, కాబట్టి రెండేళ్ల పని అనుకుని దిగండి. ఎ2 వరకు సామూహిక తరగతి చాలు, అక్కడి నుంచి వారానికి మూడు గంటలు ట్యూటర్‌తో. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఎ2 వరకు అంతా ఉచితంగా లాగించి, మిగిలిన డబ్బంతా ఆ తర్వాతి దశలో పెట్టండి. చాలామంది మొదట్లోనే ఖర్చంతా పెట్టేసి, ట్యూటర్ నిజంగా అవసరమయ్యే సమయానికి చేతులెత్తేస్తారు.

పిల్లలకు యాప్ బాగానే ఉంటుంది. అయితే పాఠశాల పరీక్షల్లో రాత ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ట్యూటర్‌కు వాళ్ల పాఠ్యపుస్తకం చూపించి దాని వెంటే నడవమనండి. పదేళ్లలోపు పిల్లలకు గంట తరగతి పెద్ద శిక్ష, అరగంట చాలు.

ఏది ఎంచుకున్నా మొదట ఏడాది చందా కట్టకండి. నెల ధరతో పోలిస్తే చవకగా కనిపిస్తుంది గానీ, రెండో నెలలో మానేసేవారికి అది అన్నిటికన్నా ఖరీదు. ఉచిత గడువు కోసం కార్డు వివరాలు ఇస్తే గడువు ముగిసే తేదీకి రెండు రోజుల ముందు ఫోనులో అలారం పెట్టుకోండి. ఫోను నుంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగిపోదు. ప్లే స్టోర్‌లో లేదా ఆపిల్ ఖాతాలో చందాల పేజీ తెరిచి అక్కడ రద్దు చేయాలి. రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా ఆ పని పూర్తయినట్టు అనుకోకండి.